ఆఖరి షాట్‌లో బూచి లేదు

మధ్యాహ్నం 12:10. సెట్ మీద బూచి లేదు.

జానెడు బొమ్మ. ఇనప కీళ్ళు, రబ్బరు చర్మం, పుర్రె మొహం. సినిమా, సెలవులకి ఎవరింటికి పోవాలో తెలియని దయ్యం కథ. ఆ దయ్యమే హీరో. బొమ్మని వెంట్రుకవాసి కదపడం, ఒక ఫోటో తీయడం. అలా మూడేళ్ళు తీశారు. ఒక్క షాట్ మిగిలింది.

డైరెక్టర్ తల పట్టుకుని కూర్చున్నాడు.

"నా కొంప మునిగింది మేడమ్. ఇంకో బొమ్మ లేదు. అచ్చు కూడా పగిలిపోయింది."

ఇన్‌స్పెక్టర్ ఆయన్ని ఓదార్చలేదు. ఆవిడకి ఈ మధ్య దేనికీ మనసు కదలడం లేదు. ఉద్యోగానికి అది మంచిదేనని పై అధికారులు మెచ్చుకున్నారు కూడా.

"చివరి ఫ్రేము ఎప్పుడు తీశారు?"

"11:42కి. తర్వాత టీకి లేచాం."

"తాళాలు?"

"ముగ్గురి దగ్గర. నేను, బొమ్మలు చేసే మేస్త్రి, వాటిని కదిలించే యానిమేటర్."

మేస్త్రి మొహం ముటముటలాడించుకుంటూ వచ్చాడు.

"నిన్న డైరెక్టర్‌తో గొడవపడ్డారట?"

"నిన్నేంటి, రోజూ పడతాను. సినిమా అయ్యాక బొమ్మ నాకివ్వమన్నాను. కుదరదన్నాడు."

"11:42 తర్వాత?"

"రబ్బరు ఉడికిస్తున్నా. పక్కకి జరిగితే మాడి చస్తుంది."

యానిమేటర్ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. అడిగినదానికే జవాబు.

"మీరెక్కడున్నారు?"

"బయట మెట్ల మీద."

"బొమ్మ పోయినందుకు బాధగా లేదా?"

"ఏమోనండీ. తెలియట్లేదు."

ఇన్‌స్పెక్టర్ సెట్ దగ్గరికి వెళ్ళింది. బూచి పాదాల మరలు బల్ల కిందనుంచి నీటుగా విప్పారు. పక్కన ఇనప స్టాండు, దానికో సూది.

"ఇదేంటి?"

"గుర్తు సూదండీ," అన్నాడు డైరెక్టర్. "కదిపేముందు ముక్కు చివరికి ఆనిస్తారు. బొమ్మ ఎక్కడుండేదో తెలుస్తుంది. ఫోటో తీసేటప్పుడు పక్కకి లాగేస్తారు."

ఆవిడ మానిటర్‌లో ఆ షాట్ ఐదుసార్లు చూసింది. బూచి ఎడమ కాలు ఈడుస్తోంది.

"కుంటి నడక స్క్రిప్ట్‌లో ఉందా?"

"లేదు. నిరుడు మధ్యలో యానిమేటరే తెచ్చింది. బాగుందని ఉంచేశాం."

1:35కి ముగ్గుర్నీ సెట్ దగ్గరికి పిలిచింది.

"11:42 ఫ్రేములో సూది లేదు. ఆ తర్వాత, బొమ్మని తీసేముందు పెట్టారు. సరిగ్గా బూచి ముక్కు ఉండాల్సిన చోట. ఎత్తుకుపోయేవాళ్ళకి గుర్తెందుకు? మళ్ళీ అక్కడే నిలబెట్టాలనుకునేవాళ్ళకి కావాలి. డైరెక్టర్‌గారు బొమ్మని ముట్టుకోరు. మేస్త్రిగారికి ఈ సూదితో పని లేదు. మిగిలింది మీరేనమ్మా. మూడేళ్ళ అలవాటు. మీకు తెలియకుండానే చెయ్యి పెట్టేసింది."

యానిమేటర్ సంచీ తెరిచింది. మగవాళ్ళ మఫ్లర్‌లో చుట్టిన బూచిని బల్ల మీద పెట్టింది.

"అది మా ఆయన నడకండీ. పోయి పద్నాలుగు నెలలైంది. వీళ్ళెవరూ ఆయన్ని చూడలేదు. పొద్దున్నే వచ్చి రోజుకి నాలుగడుగులు నడిపించుకునేదాన్ని. ఈ షాట్‌లో తలుపు దాటి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత ఇంక నడవడు."

మేస్త్రి మొహం తిప్పుకున్నాడు. డైరెక్టర్ బల్ల దగ్గరికి జరిగాడు.

"చెబితే ముగింపు మార్చేవాళ్ళం కదమ్మా!"

"మార్చొద్దండీ. ఒక్కరోజు ఆపుదామనుకున్నా. అంతే."

కేసు వద్దన్నాడు డైరెక్టర్. యానిమేటర్ బొమ్మని నిలబెట్టి మరలు బిగించింది. ఇంకా నాలుగడుగులున్నాయి. ఇన్‌స్పెక్టర్‌కి అక్కడ పనేం లేదు. అయినా వెళ్ళలేదు, గోడవారగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

సాయంత్రం 6:05. బూచి తలుపు దాటాడు. కెమెరా క్లిక్‌మంది.

యానిమేటర్ చేతులు వేలాడేసుకుని నిలబడింది.

"ఏడుపు రావట్లేదండీ," అంది. "రావాలి కదా?"

"వస్తుందంటారు," అంది ఇన్‌స్పెక్టర్. "మా అమ్మాయి పోయి రెండేళ్ళయింది. నేనూ ఎదురుచూస్తున్నా."