అత్తగారి కథలు దాచిన పెట్టె

కోడలు కంప్యూటరు మౌసు వదిలేసి తన వేళ్ల వంక చూసుకుంది. ఐదో నెల కడుపుతో, బట్టలు కుట్టి కుట్టి కాయలు కాసిన ఈ వేళ్లతోనే తన అత్తగారి గొంతును చెరిపేసింది...

గొంతు ఆపరేషనుకు ముందు అత్తగారు పుట్టబోయే బిడ్డ కోసం ఇరవై కథలు చెప్పి రికార్డు చేయించారు. ఇప్పుడు ఆవిడకు మాట లేదు. ఏం చెప్పాలన్నా పలక మీద రాయాల్సిందే.

ఆ కథల కోసమే ఆవిడ కొడుకు, టీవీలు బాగుచేసే మెకానిక్కు, మెట్ల కింద సర్వరు, అంటే ఇంట్లోని ఫైళ్లన్నీ దాచే కంప్యూటరు పెట్టె, పెట్టాడు. నాలుగు డిస్కులు కొన్నా చోటు మాత్రం రెండింటిదే అన్నాడు. "ఏదైనా రెండు డిస్కుల్లో పడుతుందే. ఒకటి చెడినా రెండోది ఉంటుంది" అని తెగ మురిసిపోయాడు. ఆ మాటే కొంప ముంచింది. చోటు నిండిందని, మొగుడికి పని తగ్గిద్దామని కూర్చున్న కోడలికి 'అమ్మ కథలు' అని ఒక ఫోల్డరు, 'అమ్మ కథలు 2' అని ఇంకో ఫోల్డరు కనిపించాయి. రెండోది పైగుడ్డ కొలతకే కత్తిరించిన లైనింగులా, మొగుడు చెప్పిన ఆ రెండో డిస్కు నకలు కాబోలు అనుకుని తీసేసింది, పిచ్చితల్లి. తీరా చూస్తే మొదటిదాంట్లో ఉన్నవి దగ్గులూ, మధ్యలో ఆగిపోయిన ప్రయత్నాలూ మాత్రమే; అసలు కథలన్నీ తీసేసినదాంట్లోనే!

"రెండో డిస్కులో ఉంటాయిగా? ఉంటాయని చెప్పండి..." అంది మొగుణ్ణి పిలిచి.

అతను పక్కనే చతికిలబడ్డాడు. "ఒకదాంట్లో చెరిపితే రెండోదాంట్లోనూ అప్పుడే చెరిగిపోతుంది. డిస్కు చెడితే కాపాడుతుంది గానీ, మన చేతి నుంచి కాపాడదు. విడిగా ఇంకో కాపీ తియ్యాల్సింది నేనే."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదని ఇంకా ఏడుపొచ్చింది ఆమెకు. వెళ్లి అత్తగారి ఒళ్లో తల పెట్టుకుంది. "అత్తయ్యా, మీ గొంతు పోగొట్టాను."

ఆవిడ పలక అందుకున్నారు. 'పోగొట్టింది డాక్టరు. నువ్వు కాదు.' తుడిచి మళ్లీ రాశారు. 'నీ ఆడపడుచుకు ఫోన్ చెయ్యి.'

ఇంటి రెండో తాళంచెవిని ఎప్పుడూ కూతురింట్లోనే ఉంచే మనిషి ఆవిడ. రెండూ ఒకే గుత్తిలో ఉంటే గుత్తితో సహా పోతాయని ఆవిడ భయం. ఫోన్లో ఆడపడుచు చెప్పింది: ఆస్పత్రికి వెళ్లే ముందురోజు కొడుకు దుకాణంలో ఉండగా, కూతురి చేత కథలన్నీ పెన్ డ్రైవులో ఎక్కించి, ఆమెతోనే పంపారట.

"నాకంటే అమ్మే నయం" అన్నాడు కొడుకు, కళ్లు తుడుచుకుంటూ.

మర్నాడు ఆడపడుచు తెచ్చిన పెన్ డ్రైవు పెట్టగానే చిన్న దగ్గు వినిపించింది. తరువాత ఆ పాత గొంతు.

"కోడలుపిల్ల వచ్చి కూర్చుందా? అది రాందే నేను మొదలుపెట్టను."

అత్తగారు పలక అవతల పెట్టి, మంచం మీద కాస్త జరిగి చోటిచ్చారు. కోడలు వెళ్లి కూర్చుంది.