వేడినీళ్ళ కుళాయి

"మళ్ళీ వేడి వైపు తిప్పారా?" అంది ఉష.

రాజారావు టీగిన్నె స్టవ్ మీద పెట్టి వెనక్కి తిరిగాడు. "వేడినీళ్ళయితే రెండు నిమిషాల ముందు మరుగుతాయి. నాకు ట్రైన్ టైమవుతోంది."

"ఆ నీళ్ళు బేస్‌మెంట్ ట్యాంకులో నిలవున్నవి. స్నానానికి, గిన్నెలకి. నోట్లోకి కాదు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"కెమిస్ట్రీ ఎమ్మెస్సీని చేసుకుంటే ఇదీ గతి. ట్యాంకులో తుప్పు, తుప్పులో నా చావు."

"పొద్దున్నే ఆ మాటలెందుకు?" ఉష గిన్నెడు నీళ్ళూ సింకులో పారబోసి, కుళాయి చల్లటి వైపు తిప్పి, మళ్ళీ పట్టింది.

"అమ్మా, ఇట్స్ జస్ట్ వాటర్," అంది రిషిత, సీరియల్ గిన్నెలోంచి తలెత్తకుండా. "డైలీ ఇదే ఫైట్. ఐస్‌లాండ్ వెళ్తే హాట్ వాటర్ భూమిలోంచి వస్తుంది అంట. అప్పుడు ఏం ఫైట్ చేస్తారు?"

మూడు వారాలుగా ఆ ఇంట్లో ఏ మాటైనా తిరిగి తిరిగి ఐస్‌లాండ్‌కే చేరుతోంది. రాజారావు గ్రీన్‌కార్డు దరఖాస్తు 2004 నాటిది. 2012 జనవరి వచ్చినా క్యూ కదల్లేదు. రిషితకి పదిహేనేళ్ళు. ఇరవయ్యొకటి నిండితే తల్లిదండ్రుల వీసా మీద ఉండనివ్వరు. సరిగ్గా అప్పుడే నార్త్ హార్బర్ అనే కన్సల్టెన్సీ నుంచి మెయిల్ వచ్చింది. ఐస్‌లాండ్‌లో ఉద్యోగం, కుటుంబమంతటికీ రెసిడెన్సీ. అప్పట్నించీ ఆ బ్రోషర్ ఆయన దిండు పక్కనే ఉంటోంది.

"మొత్తం దేశం మూడు లక్షల ఇరవై వేలమంది ఉషా. మన గుంటూరులో సగం! రేపు పదింటికి ఇంటర్వ్యూ. లాప్‌టాప్ తెమ్మన్నారు, కోడ్ చూస్తారట."

ఉష చెయ్యి గిన్నె మీదే ఆగింది. ఆ లాప్‌టాప్‌లో ఉన్నది ఇండియాలో సగం రాష్ట్రాల కరెంటు గ్రిడ్‌ని నడిపే ప్రోగ్రాం.

"ఆఫీస్ లాప్‌టాప్ బయటివాళ్ళకి చూపించొచ్చా?"

"పది నిమిషాలు స్క్రీన్ మీద చూస్తారంతే. ఇంటిపట్టున ఉండేదానివి, నీకివన్నీ తెలియవులే," అని ఆయన బూట్లు వేసుకున్నాడు.

పదకొండింటికి ఉష ఎడిసన్ ఓక్ ట్రీ రోడ్డులో రంగయ్య కూరగాయల కొట్టులో ఉంది.

"ఎర్ర గోంగూర వచ్చిందా?"

"తెల్లదే ఉందమ్మా. ఎర్రది కావాలంటే వెనకగదిలో చూస్కోండి."

బియ్యం బస్తాల వెనక తలుపు తీసుకుని లోపలికి వెళ్ళింది. పదకొండేళ్ళుగా ఆమె ఇండియా గూఢచారి విభాగానికి ఏజెంట్ ట్వంటీ సెవెన్. కవర్: గృహిణి. అంతకంటే గట్టి కవర్ ఎవరికీ దొరకలేదు. పార్టీల్లో 'మీరేం చేస్తారు?' అని అడిగినవాళ్ళు 'ఇంట్లోనే' అని వినగానే పక్కమనిషి వైపు తిరుగుతారు. రెండో ప్రశ్న ఇంతవరకూ ఎవరూ వెయ్యలేదు. రాజారావు కూడా.

చీఫ్ శ్యామ్‌సుందర్ ఒక ఫొటో బల్ల మీద పెట్టాడు.

"లోకేష్. ముప్పై నాలుగేండ్లు. అల్ఫారెట్టా ఊర్ల ఉంటుండె. నవంబర్‌ల ఇట్లనే ఇంటర్వ్యూకి పోయిండు. బయటికొచ్చి రెండు గంటలు గాలే, కార్లనే పాణం పోయింది. హార్ట్ ఎటాక్ అన్నరు. గాదు. కాఫీ. మూడో దినం ఆయన కోడ్ ఒక శత్రుదేశం చేతిల ఉన్నది."

"ఆఫీస్ పేరు?"

"ఊరికొక పేరు. ఇప్పుడు నార్త్ హార్బర్." ఆయన ఒక కాగితం ముందుకు తోశాడు. "వాళ్ళు పిలిచేటోళ్ళ లిస్ట్. నెక్స్ట్ ఎవరో మీరే చూడుండ్రి."

ఉష చూడలేదు. "మావారిని నేను పంపను."

"పంపకుంటే ఇంకో ఊర్ల దుకాణం తెరుస్తరు. కాపీ చేసే బాక్స్‌తోని రెడ్ హ్యాండెడ్‌గ దొరకాలె. పరేషాన్ గాకుండ్రి. లోపల మన మనిషున్నది. కత్రిన్. ఐస్‌లాండ్ పోలీస్. మూడు నెల్ల సంది ముఠాల కలిసి పనిచేస్తున్నది. లాప్‌టాప్‌ని మనమిచ్చిన ఉత్త బాక్స్‌కి పెడ్తది. కాఫీ గూడ ఆమెనే కలుపుతది. ఇగ భయమెక్కడిది?"

"ఆవిణ్ణి మీరు చూశారా?"

"ఫోన్ల గొంతు విన్న, గంతే. కోడ్ వర్డ్ ఉన్నది." ఒక లావుపాటి ఫైలు చేతిలో పెట్టాడు. "ఐస్‌లాండ్ గురించి. చదువుకోండ్రి."

కార్లో కూర్చుని నలభై పేజీలూ చదివింది. దేశం నడిమధ్యంతా మంచూ, నల్లటి లావా రాళ్ళూ. జనమంతా సముద్రపు ఒడ్డునే. సైన్యం లేదు. డిసెంబర్లో నాలుగు గంటల వెలుతురు, జూన్‌లో నిద్రపోనివ్వని వెలుతురు. మంత్రయినా జాలరైనా ఈతకొలను దగ్గర ఒకే వేడినీళ్ళ తొట్టిలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. చంటిపిల్లల్ని చలిలోనే, కాఫీ షాపు బయట తోపుడు బళ్ళలో నిద్రపుచ్చి తల్లులు లోపలికి వెళ్తారు. ఎవరైనా ఎత్తుకుపోతారేమోనన్న భయం లేదు.

ఆ వాక్యం దగ్గర ఉష కాసేపు ఆగిపోయింది. బ్రోషర్ అబద్ధమేమో గానీ దేశం అబద్ధం కాదు. ఆయన ఎందుకంత ఆశపడుతున్నాడో అర్థమైంది. తనకీ ఆశ పుట్టినందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

ముప్పై ఒకటో పేజీ మాత్రం రెండుసార్లు చదివింది. వేడినీళ్ళు నేరుగా భూగర్భం నుంచే ఇళ్ళకొస్తాయి, కుళ్ళిన కోడిగుడ్డు వాసన. స్నానానికే తప్ప ఎవరూ తాగరు, వంటకి వాడరు. చన్నీళ్ళు బాగా చల్లబడేదాకా వదిలి పట్టుకోవాలని పిల్లలకి ఊహ తెలిసినప్పట్నించీ నేర్పుతారు.

"ఇది మావారికి చూపించాలి," అనుకుంది. చూపించడానికి వీల్లేదని వెంటనే గుర్తొచ్చింది.

శనివారం పది గంటలు. రూట్ వన్ హైవే పక్కన ఆఫీస్ బిల్డింగ్, ఏడో అంతస్తు. నీలం యూనిఫాం, నెరిసిన విగ్గు, దళసరి కళ్ళద్దాలు, చెవిలో బఠాణీ గింజంత మైక్. ఉష తుడుపుకర్ర పట్టుకుని ఇంటర్వ్యూ గదిలోకి వచ్చింది. రాజారావు టై సర్దుకుంటూ కూర్చున్నాడు. ఎదురుగా గడ్డపాయన, డైరెక్టరట. కుర్చీ కింద తుడవడానికి ఉష వంగింది. పద్దెనిమిదేళ్ళ కాపురం, వాసనైనా పట్టడా?

రాజారావు రెండు కాళ్ళూ పైకెత్తి, తుడవనిచ్చి, మళ్ళీ దించుకున్నాడు. ఇంట్లో లాగే. తలెత్తి చూడలేదు.

లాప్‌టాప్ తీసుకుని వెళ్తున్న మనిషి మెరుపుతీగలా ఉంది. ఆరడుగుల ఎత్తు, నల్ల స్కర్టు, ఎర్ర లిప్‌స్టిక్, నాలుగంగుళాల హీల్స్. "జస్ట్ ఎ సెక్యూరిటీ స్కాన్," అని రాజారావు వైపు చూసి నవ్వింది. ఆయన టై ఇంకోసారి సర్దుకున్నాడు. ఉష అది గమనించి, తర్వాత చూసుకుందామనుకుంది.

పక్కనే కాఫీలు కలుపుకునే ప్యాంట్రీ. అక్కడ గట్టు మీద నల్లటి బాక్స్‌కి లాప్‌టాప్ తగిలించింది ఆమె. ఉష నేల తుడుస్తూ దగ్గరికెళ్ళి ఇంగ్లీషులో గొణిగింది. "ఇక్కడ హీటింగ్ మరీ ఎక్కువ, మేడమ్."

"మా దేశంలో హీటింగ్ ఆపం. కిటికీ తెరుస్తాం."

కోడ్ వర్డ్ అక్షరం పొల్లుపోలేదు. ఉష ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు ఆమె కాఫీ కోసం కెటిల్ తీసుకుంది. కుళాయిని ఎడమకి, పూర్తిగా వేడి వైపు తిప్పింది. ఆవిర్లు కక్కుతున్న నీళ్ళు నిండా పట్టి స్విచ్ నొక్కింది.

ఉష చేతిలో తుడుపుకర్ర ఆగిపోయింది. జవాబు బట్టీ పట్టొచ్చు. కానీ 'ఆ నీళ్ళు తాగకు' అని తల్లి పదివేలసార్లు చెప్పి పెంచిన ఐస్‌లాండ్ చెయ్యి అటు తిరగదు.

"సర్," అంది మైక్‌లో, కెటిల్ చప్పుడు చాటున గుసగుసగా. "ఈవిడ కత్రిన్ కాదు."

"కోడ్ వర్డ్ చెప్పింది గద?"

"అసలావిణ్ణి కొట్టి చెప్పించుకుని ఉంటారు. కాఫీకి వేడినీళ్ళు పట్టింది."

"ఏం పట్టింది?"

"వేడినీళ్ళు సర్! ఫైలు మీరు చదవలేదా?"

అవతల ఆయన దగ్గాడు. చదవలేదని తెలిసిపోయింది.

"పైకి రండి. వెంటనే."

"కింద వ్యాన్‌ల ఉన్నం. రెండు నిమిషాలు పడ్తది."

బాక్స్ మీద అంకెలు పరిగెడుతున్నాయి. కాపీ ఎనభై తొమ్మిది శాతం. అది ఉత్త బాక్స్ కాదు. ఆడమనిషి కప్పులో కాఫీ పోసి, ఉంగరం తెరిచి, చిటికెడు తెల్లపొడి రాల్చింది. ట్రే ఎత్తుకుంది. తొంభై మూడు.

ఉష దగ్గర తుపాకీ లేదు. బకెట్‌లో సబ్బునీళ్ళున్నాయి. గుమ్మం దగ్గర నిలబెట్టిన 'వెట్ ఫ్లోర్' పసుపు బోర్డు తీసి చంకన పెట్టుకుని, బకెట్ కాస్త వంచింది.

నాలుగంగుళాల హీల్స్ గుమ్మం దాటాయి, జారాయి. ట్రే గాల్లోకి లేచింది. కాఫీ మొత్తం రాజారావు తెల్లచొక్కా మీద పడింది.

"అబ్బా!" అని ఎగిరి లేచాడు. "సారీ, సారీ, రెస్ట్‌రూమ్ ఎక్కడ?" తప్పు తనదే అయినట్టు అందరికీ క్షమాపణ చెప్పుకుంటూ బయటికి పరిగెత్తాడు.

తొంభై ఏడు. ఏదో తేడాగా ఉందనిపించి డైరెక్టర్ బాక్స్ వైపు దూకబోయాడు. ఉష అప్పటికే ప్యాంట్రీలో ఉంది. వాక్యూమ్ క్లీనర్ వైరు ఒక చేత్తో పట్టుకుని, ఈ లోకంలో ఏ శుభ్రం చేసే మనిషైనా చేసే పనే చేసింది. గోడకున్న బాక్స్ ప్లగ్ పీకి తన ప్లగ్ పెట్టుకుంది.

తొంభై తొమ్మిది దగ్గర బాక్స్ ఆరిపోయింది.

"యూ స్టుపిడ్ ఉమన్!" అని డైరెక్టర్ పిస్తోలు తీశాడు. వాక్యూమ్ హోరులో లిఫ్ట్ తలుపులు తెరుచుకున్న చప్పుడు అతనికి వినపడలేదు. వెనక నుంచి నాలుగు తుపాకులు అతని వీపుకి తగిలాయి. నేల మీంచి లేవబోతున్న ఆడమనిషి కూడా చేతులు పైకెత్తింది.

"వాక్యూమ్ ఆపుండ్రి మేడమ్, ఏం వినొస్తలేదు," అన్నాడు శ్యామ్‌సుందర్.

రాజారావు తడిచొక్కాతో తిరిగొచ్చేసరికి సెక్యూరిటీ డ్రెస్సులో ఒకతను లాప్‌టాప్ చేతికిచ్చి, "ఫైర్ డ్రిల్ సర్, మెట్ల మీంచి దిగండి," అన్నాడు. ఆయన బుద్ధిగా ఏడంతస్తులూ దిగాడు.

అసలు కత్రిన్ స్టోర్‌రూమ్‌లో దొరికింది. ఉన్ని స్వెటర్, నోటికి టేపు. మూడు రోజులైందట. విప్పగానే తూలుతూ ప్యాంట్రీకి నడిచింది. కుళాయి చల్లటి వైపు తిప్పి, ధార కింద వేలు పెట్టి, గొంతెండిపోతున్నా ఆగింది. చల్లబడేదాకా ఆగి, అప్పుడు గ్లాసు పట్టింది. ఉషకి ఆమెని కావలించుకోవాలనిపించింది.

"మీ దేశం నిజంగా అంత బాగుంటుందా?" అని అడిగింది.

కత్రిన్ రెండో గ్లాసు కూడా తాగింది. "గాలికి కారు తలుపు ఊడొస్తుంది. జనవరి చీకట్లో మొగుడూ పెళ్ళాం ఒకరినొకరు భరించలేరు. కానీ నా కూతురు ఏడేళ్ళది, స్కూలుకి ఒక్కతే నడిచెళ్తుంది. జూన్‌లో రా. హోటలొద్దు, మా ఇంట్లో దిగు."

ఒంటిగంటకి ఎడిసన్‌లో భోజనాల బల్ల. గుత్తివంకాయ, చారు, అప్పడాలు. రాజారావు బనీనుతో కూర్చున్నాడు.

"నేనొక నిర్ణయానికొచ్చాను," అన్నాడు. "ఐస్‌లాండ్ మాట ఇంక ఎత్తను. అదొక ఆఫీసా? మీద కాఫీ పోస్తారు, మధ్యలో ఫైర్ డ్రిల్ అంటారు. క్యూ ఎన్నాళ్ళయినా సరే, ఇక్కడే ఉందాం."

రిషిత మొహం మాడిపోయింది. ఉష చారు గరిటె కింద పెట్టింది.

"ఉందాం. కానీ జూన్‌లో పదిరోజులు ఐస్‌లాండ్ వెళ్తున్నాం. ముగ్గురం. చూసి, నచ్చితే, అప్పుడు మాట్లాడుకుందాం."

"సీరియస్లీ?" అంది రిషిత.

"తిరిగి ఇక్కడికి రానివ్వాలంటే పాస్‌పోర్టులో కొత్త వీసా ముద్ర పడాలి. ఆ స్టాంపింగో? అసలు అక్కడ మనకెవరున్నారు?"

"స్టాంపింగ్ సంగతి నేను చూసుకుంటాను. అక్కడ నాకొక ఫ్రెండుంది."

"నీకా?" రాజారావు ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అది తేలేది కాదనిపించి తన గోడు అందుకున్నాడు. "ఆ తుడిచే ఆవిడ చేసిన పనే ఇదంతా. నేల నిండా సబ్బునీళ్ళు, బోర్డయినా పెట్టలేదు."

"ఎలా ఉంటుంది ఆవిడ?"

"ఏమో. ఎవరు చూశారు?"

ఉష ఆయన కంచంలో ఇంకో వంకాయ వేసింది. "ఇంకో నిర్ణయం కూడా. రేపట్నించి ఇల్లు మీరు తుడుస్తారు. నేను కాళ్ళెత్తి కూర్చుంటాను."