ముప్ఫై రెండోది

నాకు లెక్కపెట్టే జబ్బుందని మా పిల్లలు అంటారు. నిజమే. ఇల్లు దాటేటప్పుడు ఒకటి, రెండు. బస్సెక్కాక ఒకటి, రెండు. తలల మీద చెయ్యి వేసి మరీ లెక్కపెడతాను. పెద్దదానికి తొమ్మిదేళ్ళు, చిన్నదానికి ఆరు. మా ఆయన ఓడల మీద పని చేస్తాడు, ఆర్నెల్లకోసారి వస్తాడు. మావాళ్ళెవరైనా రావాలంటే రెండు విమానాలు మారాలి. పిల్లలకి ఏదైనా అయితే ఎవరి తలుపు తట్టాలో ఇప్పటికీ నాకు తెలీదు. అందుకే లెక్కపెడతాను. ఇద్దరికే ఇంత లెక్కైతే మూడోది పుడితే ఏం చేస్తావే అని మా అమ్మ ఫోన్లో నవ్వుతుంది. పిల్లలు నాకు 'లెక్కలమ్మ' అని పేరు పెట్టారు.

ఉద్యోగమూ అలాంటిదే దొరికింది. సీల్ అనే సముద్రపు జంతువు పిల్లల్ని లెక్కపెట్టడం.

సముద్రం కొండల్ని చీల్చుకుని మూడు మైళ్ళు లోపలికొచ్చిన పాయ అది. రెండు పక్కలా నల్లటి రాతిగోడలు. వాటి మీద ఒక్క చెట్టు మొలవదు. గోడల అంచుల్లో నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ కూర్చుంటాయి. వాటి రెట్టలకి రాయి తెల్లగా చారలు దేరి ఉంటుంది. గూళ్ళ దగ్గరికి వెళ్తే తెల్లపక్షులు నెత్తి మీద పొడవడానికి దిగుతాయి, టోపీలో గుడ్డ మడత పెట్టుకోవాలి. గాలి ఎటు వీచినా కుళ్ళిన నాచు వాసనే. నీళ్ళు పైకి అద్దంలా ఉంటాయి గాని, పోటు మొదలైనప్పుడు అడుగున బండలు దొర్లుతున్నట్టు గుర్రుమంటాయి. ఆ చోటుకి మనుషులు గిట్టరని మొదటిరోజే అనిపించింది.

పాయ మధ్యలో ఒక వెడల్పాటి బండ ఉంది. ఆటులో నీళ్ళు తీస్తే రెండు గంటలు బయటపడుతుంది. సీళ్ళు పిల్లల్ని దాని మీద వదిలి వేటకి వెళ్తాయి. ఆ రెండు గంటల్లో మేం వెళ్ళి, పొడుగు కర్ర చివర బిగించిన నీలం మైనంతో ప్రతి పిల్లకీ మెడ వెనక ఒక చుక్క పెట్టాలి. ఒకదాన్నే రెండుసార్లు లెక్కపెట్టకుండా. చేత్తో ముట్టుకోకూడదు. మనిషి వాసన తగిలితే తల్లి దాన్ని మళ్ళీ దగ్గరికి రానివ్వదు. ఈ రూల్ నేను ఒక్కసారీ తప్పలేదు. ఆ రోజు వరకు.

ఆ వారం బడికి సెలవులు. పిల్లల్ని చూసే ఆవిడకి జ్వరం. ఆఫీసుకి ఫోన్ చేసి, అనుమతి అడిగి, కాగితం మీద సంతకం పెట్టి మరీ ఇద్దరినీ పడవెక్కించాను. లైఫ్ జాకెట్ల పట్టీలు మూడుసార్లు చూశాను. ఇద్దరి మెడల్లోనూ ఎర్రతాడుతో విజిల్ కట్టాను. పెద్దదైతే రెండు పొట్టి ఈలలు, చిన్నదైతే ఒక పొడుగు ఈల. నేను మూడు ఊదితే, అమ్మ వస్తోంది, కదలకండి అని అర్థం. చిన్నది పడవలో దారి పొడుగునా ఊదుతూనే ఉంది. సరంగు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని, నీ కూతుర్ని ఓడకి హారన్‌గా పెట్టుకోవచ్చమ్మా, మీ ఆయనకి చెప్పు అన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ పాయలో పడవ నడుపుతున్న మనిషి. పిల్లలు తాతా అంటే కరిగిపోతాడు. చిన్నదాన్ని చంకనెత్తుకుని దించాడు. అది ఎప్పటిలాగే నా చిటికెన వేలు పట్టుకుంది. దానికి చెయ్యి పట్టుకోవడం రాదు, చిటికెన వేలే.

దిగకముందు పడవలోంచి లెక్కపెడితే నాకు ముప్ఫై రెండు వచ్చాయి. సరంగు ముప్ఫై ఒకటే అన్నాడు. బండ చివర చీలికలో ఒక తల కనబడింది కదా బాబాయ్ అన్నాను.

"దాన్ని లెక్కలో వెయ్యకమ్మా" అన్నాడు. "నీ ముందు చేసినవాళ్ళెవరూ వెయ్యలేదు."

ఎందుకని అడిగాను. మమ్మల్ని దించేసి, పడవని లంగరు వేసే చోటికి తీసుకెళ్ళిపోయాడు.

పిల్లలిద్దరినీ బండ మీద ఎత్తుగా, పొడిగా ఉన్నచోట కూర్చోబెట్టి పని మొదలుపెట్టాను. గంటన్నరలో ముప్ఫై ఒక్క చుక్కలు పెట్టాను. అక్కడితో ఆగిపోయి ఉంటే ఇది రాసే పని ఉండేది కాదు. కానీ ఒకటి తగ్గింది. తగ్గిందని తెలిసీ కాగితం మీద సంతకం పెట్టే మనిషిని కాను నేను. చీలిక ఇరవై అడుగుల దూరం. ఐదు నిమిషాలు. కదలకండి అని చెప్పి వెళ్ళాను.

చీలిక దగ్గరికి చేరేసరికి సముద్రం వైపునించి, పాయ మొగలోంచి పొగమంచు వచ్చింది. మెల్లగా రాలేదు. తలుపు తోసుకుని వచ్చినట్టు వచ్చింది. వెనక్కి తిరిగితే నా కర్ర రెండో చివరే నాకు కనబడలేదు. పక్షుల అరుపులు ఒక్కసారిగా ఆగిపోయాయి. చీలికలోంచి మాత్రం ఏడుపు వినబడుతోంది. సీల్ పిల్లల ఏడుపు పసిబిడ్డ ఏడుపులాగే ఉంటుంది, కొత్తవాళ్ళు భయపడతారు. నేను కొత్తదాన్ని కాను.

చీలిక వంకరగా ఉంది. కర్ర పట్టలేదు. పోటు తిరిగే వేళైంది. మైనం ముక్క ఊడదీసి, చెయ్యి లోపలికి పెట్టాను.

చల్లటి నీళ్ళు. పాలు విరిగిన వాసన. వేళ్ళకి మెడ తగిలింది. దాని మీద పొడుగ్గా, తడిగా పోగులు... నాచు అనుకున్నాను. పోగులు పక్కకి తోసి చుక్క పెట్టాను. ఏడుపు ఆగిపోయింది. చెయ్యి వెనక్కి తీసుకోబోతే...

నా మణికట్టుని ఏదో పట్టుకుంది.

సీళ్ళకి వేళ్ళుండవు.

ఎంతసేపో తెలీదు. ఉన్నట్టుండి వదిలేసింది. లోపల నీళ్ళు కదిలిన చప్పుడు. నా పక్కనించి, నా కన్నా ముందే, ఏదో బండ మీదికి పాకుతూ వెళ్ళినట్టు తడి చప్పుడు. విజిల్ తీసి మూడు ఊదాను.

రెండు పొట్టి ఈలలు. పెద్దది.

ఆగాను. ఇంకోటి రాలేదు.

మళ్ళీ మూడు. రెండు పొట్టి ఈలలు. ఆ తర్వాత... ఒక పొడుగు ఈల. పిల్లల్ని కూర్చోబెట్టిన వైపు నించి కాదు. కిందనించి, పోటు ఎక్కుతున్న వైపు నించి.

మోకాళ్ళు చీరుకుపోతున్నా పాకుతూ, పడుతూ పిల్లల దగ్గరికి వచ్చాను. మంచులో రెండు నారింజ జాకెట్లు పక్కపక్కనే కూర్చుని కనబడ్డాయి. తలల మీద చెయ్యి వేశాను. ఒకటి. రెండు. చిన్నది తడిసి ముద్దై ఉంది. మెడలో విజిల్ లేదు. ఏదే అంటే, పడిపోయింది అంది.

పెద్దది నా చెవి దగ్గరికి వచ్చింది.

"ఇది ఇప్పుడే వచ్చిందమ్మా. నువ్వు పిలిచావని నీ వెనకే వెళ్ళింది."

నేను పిలవలేదు.

సరంగు హారన్ కొట్టుకుంటూ మా గొంతులు వినబడిన వైపు వచ్చాడు. నీళ్ళు అప్పటికే చీలమండల దాకా వచ్చాయి. పెద్దదాన్ని ఎత్తి పడవలో వేసుకున్నాడు. చిన్నదాని వైపు చేతులు చాచి, ఆగాడు. దాని మొహంలోకి చూశాడు. చేతులు వెనక్కి తీసుకున్నాడు. దాన్ని నేనే ఎక్కించాను.

"చీలికలోదానికి చుక్క పెట్టావా అమ్మా?"

పెట్టాను అన్నాను. ఆయన ఇంజన్ స్టార్ట్ చేశాడు.

బండ వెనకపడ్డాక ఆ ఈల వినబడింది. ఒకటే, పొడుగ్గా. ఊపిరి చాలక చివర్లో వణికింది. పెద్దది నా జాకెట్ గట్టిగా పట్టుకుంది. బాబాయ్, ఆపు అన్నాను. ఆయన ఆపాడు. నేను పిల్లల వైపు తిరిగాను. ఒకటి. రెండు. ఇద్దరూ ఉన్నారు. లెక్క సరిపోయింది. ఇద్దరినీ పక్కన పెట్టుకుని, నీళ్ళు ఎక్కుతుంటే, మంచులోకి ఎవరి కోసం వెనక్కి వెళ్ళాలి?

"పక్షి అయ్యుంటుంది" అన్నాడు సరంగు, నా వైపు చూడకుండా. నేను పోనిమ్మన్నాను.

నేనే పోనిమ్మన్నాను.

సాయంత్రం వేన్నీళ్ళు పోస్తూ చిన్నదాని జడ విప్పాను. మెడ వెనక, జుట్టు కింద, నా బొటనవేలంత నీలం చుక్క. సబ్బుతో రుద్దాను, నూనెతో రుద్దాను. పోలేదు. అది ఏడవలేదు. నేను రుద్దినంతసేపూ నా మణికట్టు పట్టుకుని నవ్వుతూనే ఉంది.

పదకొండు రోజులైంది. చిన్నది పెట్టింది తింటోంది, చెప్పింది వింటోంది. టీచర్ కూడా మెచ్చుకుంది. పెద్దది మాత్రం చెల్లి ఉన్న గదిలో పడుకోనంటోంది. మా ఆయనకి ఫోన్ చేశాను. పోలీసుల నంబర్ కూడా రెండుసార్లు నొక్కి పెట్టేశాను. ఏమని చెప్పను? నాకు ఇద్దరు పిల్లలు, ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు, ఒకతె తప్పిపోయింది అనా?

రోజూ ఆటు వేళకి వంటింటి కిటికీ తెరిస్తే, పాయ వైపు నించి వస్తుంది. ఒక పొడుగు ఈల. రోజు రోజుకీ పొట్టిదవుతోంది. నేను మూడు ఊదుతున్నాను. అమ్మ వస్తోంది, కదలకు అని.

నిన్న సరంగు వచ్చాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఉదయం తొమ్మిదికి ఆటు, పడవ సిద్ధంగా ఉంచుతాను అని మాత్రం చెప్పి వెళ్ళాడు. పొద్దున పెద్దదాన్ని టీచర్ ఇంట్లో దింపి వచ్చాను. చిన్నది రానని బల్ల కింద కూర్చుంది. బూట్లు వేసుకుంటుంటే పాకుతూ వచ్చి నా ఒళ్ళో ఎక్కింది. ఒళ్ళంతా చల్లగా ఉంది. చెవిలో చాలా ముద్దుగా చెప్పింది.

"దాన్ని తేకమ్మా. లెక్క తప్పుతుంది."