ముస్తాబు ముక్కలు

ఎడమకాలు తొక్కుడుపీట మీద ఆనించి హైమవతి ఎదురుగా ఉన్న మెడను చూస్తూ కూర్చుంది. నిగ్రహిగా చేరినప్పటి నుంచీ ఆమె ఆటగాళ్ల ముఖాల కంటే మెడలే ఎక్కువ చూసింది. మంచి ముక్కలు పడగానే మెడనరం పొంగుతుంది. ఆటగాడి ముంజేతి పట్టీ చెప్పిందంతా మోజుగీతగా ఆమె గాజుపలక మీద పైకి పాకుతుంది. గీత అంచు దాటితే ఆమె తొక్కుతుంది, ఆటగాడి చేతిలోని రెండు ముక్కలూ బల్ల లోపలికి జారిపోతాయి. అవేం ముక్కలో నిగ్రహికి తెలియదు, తెలియనక్కర్లేదు.

సముద్రం విశాఖను సగం మింగాక, చలువగడియలు పంచే పనిలో ఎవరూ ఎవర్నీ నమ్మక, చివరికి ఈ బల్లల మీదికి తెచ్చారు. పేటకొక ఆటగాడు, అతని వెనక ఒక నిగ్రహి. చేతికి రెండేసి ముక్కలు పంచి, పందేలయ్యాక బల్ల మధ్య అందరికీ ఉమ్మడిగా మరికొన్ని పరుస్తారు. వేసవిలో ఏ పేట ఇళ్లలో ఎంతసేపు చల్లగాలి ఆడాలో ఇక్కడే తేలుతుంది. మోజు లేనప్పుడు ముక్కలు ఎవడైనా పడేస్తాడు. గీత అంచు దాటాక మాత్రం మనిషి చెయ్యి తనంతట తాను వదలదన్న నమ్మకం మీదే ఈ ఏర్పాటంతా నిలబడింది.

ఆ నమ్మకం హైమవతికి మరీ ఎక్కువ. ఆటగాళ్లంటేనే ఆమెకు ఒళ్లుమంట. రెండు బొమ్మలు పక్కపక్కన కనిపిస్తే చాలట, విస్తరి ముందు కూర్చున్నట్టు లొట్టలేస్తారు. ఆసు పక్కన జాకీ పడితే ఇక నేల మీద నిలవరట. పైకి మెరిసి చివరికి ముంచే అలాంటి జతలకు ముస్తాబు ముక్కలని ఆమే పేరు పెట్టింది. నిరుడు రేవుపేట ఆటగాడు ఒక ముస్తాబు జతను పట్టుకు వేలాడాడు, అప్పటి నిగ్రహి కునుకు తీసింది, గడియలన్నీ పోయాయి, ఎండలకు పేటలో ముసలివాళ్లు రాలిపోయారు. అందుకే ఈ ఏడు రేవుపేట వెనక హైమవతిని కూర్చోబెట్టారు.

పేటవాళ్లు ఓట్లేసి పంపిన ఈ సన్యాసమ్మ కూడా ఆ బాపతేనని ఆమె మొదటి రోజే తేల్చేసింది. ఇప్పటికే రెండుసార్లు గీత దాటింది, రెండుసార్లూ తొక్కాల్సి వచ్చింది. మూడోసారి తొక్కితే కుర్చీ రద్దవుతుంది, రేవుపేటకు ఈ వేసవిలో చలువ ఉండదు.

మధ్యాహ్నం ఆటలో పులిదిబ్బ తరఫున కూర్చున్న కొండలరావు తన గడియలన్నీ బల్ల మధ్యకు తోశాడు. పొద్దుటి నుంచీ వచ్చిన ముక్కలన్నీ పడేస్తూ కూర్చున్న మనిషి. ఆ పందేనికి ఒప్పుకుంటే రేవుపేట గడియలు కూడా మొత్తం పెట్టాలి. బల్ల అంచున దీపం చుట్టు తిరగడం మొదలైంది. చుట్టు పూర్తయ్యేలోగా ముక్కలు వదలకపోతే ఒప్పుకున్నట్టే లెక్క.

మోజుగీత ఒక్క గెంతున అంచు దాటింది. హైమవతి పెదవి విరిచి కాలు బిగించింది.

సన్యాసమ్మ తల తిప్పకుండా, ఆమెకు మాత్రమే వినపడేలా అంది: "కాలు తీసియ్యమ్మా. ఆసూ రాణీ, రెండూ ఇస్పేటే. మా బాగున్నాయి, కాదనను. కానీ పొద్దుట్నుంచి పారేసినోడు ఇప్పుడు మొత్తం తోసినాడంటే, ఆడికాడ ఆసు పక్కన రాజున్నాడు. మద్దెలో ఇంకో ఆసు పడ్డా అది ఆడిక్కూడా, నా రాణి ఆడి రాజు కింద ములిగిపోతాది. నానే పారేత్తాను."

"గీత దాటాక మీ చెయ్యి మీ మాట వినదు."

"ఇనకపోతే అప్పుడు తొక్కు."

ఇలాంటి కబుర్లు హైమవతి చాలా విన్నది. కానీ ముక్కలేమిటో ఆమెకు చెప్పినవాళ్లు ఇంతవరకూ లేరు. ఇస్పేటు ఆసు, ఇస్పేటు రాణి అని వినగానే ఆమె నోరూరింది. పారేయడమేమిటి, ఆడు, ఆడెయ్ అని లోపల ఎవరో తొందరపెట్టారు. ఆ ఎవరో తనేనని తెలిసి ఆమెకు సిగ్గేసింది. ఇన్నాళ్లూ ముక్కలు చూడలేదు కాబట్టే తను నిష్ఠగా ఉంది. తన ముంజేతికి పట్టీ కట్టిన వాడు లేడు. ఎదుటి మెడల మీద పోసిన అసహ్యమంతా ఆమె తన మీదికి తెచ్చుకుంది.

దీపం చుట్టు పూర్తి కావస్తోంది. తను ఆడమంటున్న ముక్కల్నే ఆవిడ పారేస్తానంటోంది. హైమవతి పీట మీంచి కాలు తీసేసింది.

సన్యాసమ్మ వెంటనే ముక్కల్ని వదల్లేదు. తర్వాత ఒక్కొక్క వేలూ విప్పి, చుట్టు పూర్తి కాకముందే రెండింటినీ బోర్లా బల్ల మీద పెట్టింది. గీత మాత్రం అంచు పైనే ఉంది.

దీపం ఆగిపోయింది.

"మోజు అంచు దాటింది. ముక్కలు ఎవరు వదిలారు?" అని బల్ల అడిగింది.

"ఆవిడే," అంది హైమవతి.

బల్ల మళ్లీ అదే ప్రశ్న అడిగింది.

"ఆవిడే వదిలింది. మోజు ఇంకా తగ్గలేదు, కళ్లుంటే చూసుకో."

హాల్లో బల్లలన్నీ ఒకే లెక్క మీద నడుస్తాయి, గీత దాటిన చెయ్యి తనంతట వదలడమన్నది ఆ లెక్కలో లేదు. ఒకదాని తర్వాత ఒకటి వాటి దీపాలు కూడా నిలిచిపోయాయి. కొండలరావు తన పందెం సంగతి ఏమిటని బల్లను తట్టి అడిగాడు. పక్క బల్ల దగ్గర, గీత దాటిన ఆటగాడొకడు సన్యాసమ్మ ముక్కల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత తన ముక్కలు తనే బోర్లా పెట్టి, వెనక్కి తిరిగి తన నిగ్రహిని చూశాడు. ఆ నిగ్రహికి కాలు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.