మూడో దెబ్బ

ఏటా తొలివానకు ముందు దర్జీ ఒకరోజు కత్తెర పక్కనపెట్టి, నిచ్చెన వేసుకుని ఇంటికప్పు ఎక్కేవాడు. పగిలిన పెంకులు తీసి కొత్తవి దూర్చడం, జారినవాటిని సర్దడం ఆయన పని. పెళ్లాం పని ఇంట్లో. తలుపులన్నీ మూసి చీకట్లో నిలబడాలి. కప్పులో వెలుతురు చుక్క ఎక్కడ కనిపిస్తే అక్కడ వెదురుకర్రతో ఒక్కసారి తట్టాలి. పైనుంచి ఆయన బదులు తడతాడు. సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే ఇత్తడి టోపీ ఆ రోజు కూడా తీసేవాడు కాదు. అందుకే ఆ బదులు 'ణంగ్'మనేది. ఆవిడ మూడుసార్లు తట్టిందంటే పని అయిపోయింది, దిగిరమ్మని.

"ఏమే, జల్లెడ కింద కాపురం పెట్టామా?" అని ఆయన పైనుంచి.

"కట్టుకున్నవాడు దర్జీ కదా! పొద్దస్తమానం చిల్లులు పొడవడమేగా పని!" అని ఈవిడ కిందనుంచి.

ఇరుగుపొరుగుకి ఆ రోజు వేరే వినోదం అక్కర్లేదు.

ఐదేళ్ల కిందట, పని పూర్తికావస్తుండగా మబ్బు కమ్మింది. "చాలా? చినుకులు పడుతున్నాయే," అన్నాడు. మంచానికి సరిగ్గా పైన ఒక్క చుక్క మిగిలింది.

"ఇంకొక్కటి," అని తట్టింది ఆవిడ.

ఆయన అడుగు నాచు మీద పడింది. ఎప్పుడూ నిచ్చెన మీద దిగే మనిషి ఆ రోజు నిచ్చెన లేకుండానే దిగాడు. మళ్లీ లేవలేదు. ఇత్తడి టోపీ ఎంత వెతికినా దొరకలేదు.

మరుసటి ఏడు, తోచక, చెయ్యి ఊరుకోక, కర్రెత్తి తట్టింది.

ణంగ్.

పెంకు దానంతటదే సర్దుకుంది. ఇంకొకరైతే కేకలు పెట్టి వీధిన పడేవారు. ఈవిడ కర్రని కావలించుకుని ఏడ్చింది. అప్పట్నుంచీ ఏటా అంతే. మూడుసార్లు మాత్రం ఎన్నడూ తట్టలేదు.

ఈ ఏడు పక్కింటి పనికొచ్చిన పెంకుల మేస్త్రీ, ఆవిడ కప్పు కూడా చూసిపోతానన్నాడు. పెంకుల మీద చప్పుడు కాకుండా నడుస్తాడని అతన్ని అందరూ 'పిల్లి' అంటారు. నిచ్చెనెక్కి చూరు మీదికి తలెత్తాడో లేదో దిగొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా... బావ పైనే ఉన్నాడు. మోకాళ్ల మీద పాకుతున్నాడు." గొంతు ఇంకా తగ్గించాడు. "దిగమని చెప్పలేదా నువ్వు?"

"చెబితే వెళ్లిపోతాడురా."

"ఐదేళ్లక్కా! ఎండనకా వాననకా... బాగా అలిసిపోయాడు."

ఆ మాట ఆవిడ గుండెలో ముల్లులా దిగింది. పిల్లి నిచ్చెన భుజానేసుకుని వెళ్లిపోయాక తలుపులు మూసింది. మధ్యాహ్నమే, కానీ బయట మబ్బు. లోపల తడిమట్టి వాసన, పాత కొయ్య వాసన. ఒక్కో చుక్కా వెతికి తట్టింది. ణంగ్... ణంగ్... ఇల్లంతా చిమ్మచీకటైంది.

"చాలయ్యా. ఇంక దిగు."

ఒకటి. రెండు. చెయ్యి లేవలేదు. పళ్లు బిగబట్టి... మూడు.

 పైన అడుగులు చూరుదాకా వెళ్లాయి. ఆగాయి. ఎందుకో వెనక్కి వచ్చి, మంచానికి పైనున్న పెంకుని రెండుసార్లు గట్టిగా అదిమి, మళ్లీ వెళ్లాయి. లేని నిచ్చెన మీద, మెట్టు మెట్టుకీ ఇత్తడి మోత... కిందికి... దూరంగా... ఆగిపోయింది.

ఆవిడ మంచం మీద కూలబడింది. దిండు నోటికి అదుముకుని, ఐదేళ్ల కిందట ఏడవాల్సిందంతా ఇప్పుడు ఏడ్చింది.

అప్పుడు తలపైన పెంకు జరిగింది.

కప్పులో ఒక చుక్క కనిపించింది. వెలుతురు చుక్క కాదు... చీకటి కంటే నల్లగా.

"వెళ్లలేదా?" ఆశగా కర్రెత్తి తట్టింది.

బదులొచ్చింది. ఇత్తడి మోగలేదు. మెత్తగా, తడిగా... దబ్.

మరో పెంకు జరిగింది. మరోటి. ఇన్నేళ్లూ ఆయన కప్పు మూసింది ఒక్క వానని ఆపడానికే కాదేమోనని అప్పుడు తోచింది ఆవిడకి.

పైనుంచి గుసగుస. అచ్చం ఆవిడ గొంతే.

"ఇంకొక్కటి..."