పదకొండు సెకన్ల మౌనం

మైకు గరగరలాడింది. "తలా ఒక జత వెతుక్కోండి!" అని శిక్షణ ఇచ్చే మేడమ్ అంటే, వెనక వరసలో ఉన్న క్యూబాబుకి "తలా ఒక జడ వెతుక్కోండి" అని వినబడింది.

ఆ ఆజ్ఞ అతనికి వింతగా తోచలేదు. పొద్దుటినుంచీ అతను చేస్తున్న పని అదే. మూడో వరసలో, కుర్చీ వెనక నడుందాకా వేలాడుతున్న ఆ జడని ఏడాది తర్వాత చూస్తున్నాడు. చేతులు చాచిన పక్క కుర్చీ బట్టతల డెంటిస్టుని అలాగే వదిలేసి, పరుగుకి చెల్లెలైన నడకతో వెళ్లి ఆమె ముందు నిలబడ్డాడు.

"వెతుక్కున్నానండీ."

"దేన్ని?"

"జడని."

ఆమె జడని ముందుకు లాక్కుంది. "ఇదెప్పుడు తప్పిపోయింది?"

'పోయినేడు' అనబోయి నాలిక కరుచుకున్నాడు.

క్యూబాబు అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ పట్టదు. ఆస్పత్రులు రోగులకి ఏపాటి సేవ చేస్తున్నాయో పరిశోధించే ఉద్యోగం అతనిది. ఓపీ క్యూలో ఎవరెన్ని నిమిషాలు కూచున్నారో లెక్కపెడతాడు. ఓపిక అనే మాటని సగంలో ఆపేస్తే ఓపీ అవుతుందని అతని సిద్ధాంతం. లోకాన్నంతా లెక్కపెట్టేవాణ్ణి లెక్కచేసేవాళ్లు లేకపోవడం అతని దురదృష్టం.

పోయినేడు కాన్ఫరెన్సులో అతని పోస్టర్ ముందు ఎవరూ ఆగలేదు. ఎదురుగానే టీ పెట్టారు మరి! చివరికి ఈమె ఆగింది. ఆరేళ్లు వార్డుల్లో నర్సుగా చేసి పరిశోధనలోకి వచ్చిన మనిషి. పోస్టరంతా చదివి ఒక్కటే అడిగింది.

"సగటున నూట పన్నెండు నిమిషాలు ఎదురుచూశారని రాశారు. ఎలా ఎదురుచూశారో అడిగారా?"

అతను జవాబు వెతుక్కునేలోపు ఆమె రైలు టైమైంది. ఆమె రైలెక్కింది గానీ ఆ ప్రశ్న ఎక్కలేదు. అతనితోనే ఉండిపోయింది. అంకెలు తప్ప ఎరగనివాడు, మనుషుల్ని ప్రశ్నలడగడం నేర్పే ఈ శిక్షణకి వచ్చింది అందుకే. ఉన్నది మూడు రోజులు. మూడో సాయంత్రం ఆమె మళ్లీ రైలెక్కుతుంది. ఈసారీ నోరు పెగలకపోతే ఇంకో ఏడాది.

"ఒకరు రోగిగా నటించాలి, ఇంకొకరు ప్రశ్నలడిగి ఫోన్లో రికార్డు చెయ్యాలి," అంది మేడమ్. "తర్వాత విన్నది విన్నట్టు టైపు చెయ్యాలి. దగ్గు, నవ్వు, మౌనం ఎన్ని సెకన్లో కూడా! ఒక్క సెకను మింగినా ఊరుకోను."

వరండా చివర, వాన కొడుతున్న కిటికీ పక్కన ఆమె ఫోను బల్లమీద పెట్టింది. "మీరు రోగి. నటించండి."

"నటించక్కర్లేదేమో," అన్నాడు క్యూబాబు.

మూడో రోజు మేడమ్, అందరూ టైపు చేసిచ్చిన కట్టలోంచి ఒక ఇంటర్వ్యూ లాగి తెరమీద వేసింది. నియమం ప్రకారం అందులో పేర్లుండవు.

అడిగేవారు: ఎంతసేపట్నుంచి ఎదురుచూస్తున్నారు?

చెప్పేవారు: ఏడాది నుంచి.

అడిగేవారు: ఓపీలోనా?

చెప్పేవారు: ఎక్కడైనా. వాన పడితే, రైల్లో వాళ్లు కిటికీ మూసుకున్నారో లేదో అనుకుంటాను. (నాలుగు సెకన్ల మౌనం) ఎవరైనా ఆగి ఏదైనా అడుగుతారేమోనని చూస్తాను.

అడిగేవారు: పిలుస్తారని నమ్మకం ఉందా?

చెప్పేవారు: లేదు. కానీ లేచి వెళ్లిపోతే, సరిగ్గా అప్పుడే పిలుస్తారేమోనని భయం.

అడిగేవారు: (పదకొండు సెకన్ల మౌనం)

"ఈ రోగి బాధకి ఏం పేరు పెడతారు?" అంది మేడమ్.

"ఆందోళన," అందొకావిడ.

"కుర్చీల కొరత," అన్నాడు డెంటిస్టు, ఎవరిమీదో కక్షగా.

"ఎక్కడా జబ్బు మాటే లేదే! సరే, రోగి సంగతలా ఉంచండి. అడిగే మనిషికేమొచ్చింది? పదకొండు సెకన్లా? ఎవరమ్మా అది, ప్రశ్న మర్చిపోయావా?"

క్యూబాబు తల దించుకున్నాడు. ఆ మౌనం అతనికి బాగా తెలుసు. ఆమె మర్యాదగా విసుక్కుందనుకుని, రెండు రోజులుగా టీ దగ్గరికి కూడా వెళ్లలేదు.

మూడో వరసలో జడ లేచి నిలబడింది. "మర్చిపోలేదు మేడమ్. గొంతు రాలేదు."

"ఆ ముక్క తీసేస్తే ఎవరికి తెలిసేది?"

"మూడుసార్లు తీసేశాను. మూడుసార్లూ మళ్లీ పెట్టాను. ఒక్క సెకనూ మింగొద్దన్నారుగా."

ఆమె జడ కొస వేలికి చుట్టుకుంటూ వెనక్కి తిరిగింది. ఆమె చూపు వెంబడే ముప్పై తలకాయలూ తిరిగి క్యూబాబు మీద ఆగాయి.

"పోయినేడు నా రైలు నలభై నిమిషాలు లేటు," అందామె. "వెనక్కెళ్లి జవాబు విననా వద్దా అని నలభై నిమిషాలూ ప్లాట్‌ఫారం మీదే కూచున్నాను. మీ సగటులో నన్నూ కలుపుకోండి."

క్యూబాబు లేచాడు. జీవితంలో మొదటిసారి లెక్క మర్చిపోయాడు. ఎంతసేపు నవ్వుతూ నిలబడ్డాడో అతనికి తెలియదు. "సాయంత్రం స్టేషన్‌కి నేనూ వస్తాను," అన్నాడు చివరికి. "జవాబు పెద్దది."

"ఇవాళ కూడా రైలు లేటైతే బావుణ్ణు," అందామె.

హాలు చప్పట్లతో మోగింది. డెంటిస్టు ఒక్కడే బల్ల గుద్దాడు.

"అదంతా బాగానే ఉంది మేడమ్! పక్కనే నేనుండగా నన్నొదిలేసి ఎందుకు పారిపోయాడో చెప్పమనండి. నా నోరు వాసనేమోనని మూడు రోజులుగా గంటకోసారి పళ్లు తోముకుంటున్నాను!"

"మేడమే కదండీ, తలా ఒక జడ వెతుక్కోమన్నారు?" అన్నాడు క్యూబాబు అమాయకంగా.

"జత నాయనా, జత!" మేడమ్ మైకుని మొట్టికాయ వేసినట్టు కొట్టింది. "నేనన్నది జత!"

డెంటిస్టు తన నున్నటి బోడితల ఒకసారి తడుముకున్నాడు. మూడు రోజుల బెంగ మొహంలోంచి దిగిపోయింది.

"అమ్మయ్య!" అన్నాడు. "తప్పు నా నోటిది కాదన్నమాట. నెత్తిది."