సీలున్న సూట్‌కేసు

నిన్న ఉదయం బస్టాండులో, నాలుగో ప్లాట్‌ఫామ్ బెంచీ మీద కొరియర్‌ని కాల్చేశారు. సైలెన్సర్ వాడారు. పక్కనున్నవాళ్లు నిద్రపోతున్నాడనుకున్నారు. అతని సూట్‌కేసు మాయమైంది.

ఈరోజు ఎనిమిదింటికి ఏజెంటు చీఫ్ ముందు నిలబడ్డాడు. ఎలాంటి తాళమైనా చెవితో విని తెరుస్తాడని డిపార్ట్‌మెంట్‌లో అతన్ని 'తాళం' అంటారు. చనిపోయిన కొరియర్ అతని సొంత అన్న.

"సూట్‌కేసుకి మన సీలుంది. స్కానర్‌లో పెట్టకుండా వదిలేస్తారు. అందుకే చంపారు," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా అందులో బాంబు పెట్టింది. టార్గెట్ పక్క నగరం రైల్వేస్టేషన్. శాంతి చర్చల బృందం మధ్యాహ్నం అక్కడ దిగుతుంది. పెట్టె పదింటి ఎక్స్‌ప్రెస్ బస్సులో వెళ్తోంది. ఎవరి దగ్గరుందో తెలీదు."

"బస్సు ఆపేస్తే?"

"కంగారులో అక్కడే పేల్చేస్తారు. నలభై మంది ప్రయాణికులు." చీఫ్ గొంతు తగ్గించాడు. "ఈరోజు పన్నెండింటికే మీ అన్న అంత్యక్రియలు. ఇంకొకర్ని పంపనా?"

"వద్దు సార్. నేనే వెళ్తాను."

పదింటికి నెరిసిన విగ్గు, రేడియో దాచిన చెవి మిషను, రెండు సంచులు, ఒక చక్రాల పెట్టెతో ముసలాయనొకడు బస్సు దగ్గరికొచ్చాడు.

"పెద్దాయనా, ఇంత సామాను లోపల పట్టదు. డిక్కీలో పెట్టండి," అన్నాడు కండక్టర్.

ఆ వేషంలో ఉన్న తాళానికి కావలసిందీ అదే. డిక్కీలో ఒక్కో పెట్టే జరిపి చూశాడు. మూటలు, అట్టపెట్టెలు, ఒక కుట్టుమిషను. సీలున్న సూట్‌కేసు లేదు. బస్సు లోపల, ఏడో వరుసలో, నల్ల కళ్లద్దాలు, పట్టు స్కార్ఫు, ఎర్రటి లిప్‌స్టిక్‌తో ఉన్న ఒకావిడ దాన్ని ఒళ్లో పెట్టుకుంది.

పక్కన కూర్చున్నాకగానీ పోల్చుకోలేదు. వదిన. ఆమెదీ డిపార్ట్‌మెంటే.

బస్సు ఊరు దాటాక ఆమే మాట్లాడింది, కిటికీలోంచి చూస్తూ. "చక్రాలున్నా పెట్టె ఎత్తి పట్టుకునే నడిచావు. మీ అన్నదమ్ములిద్దరూ అంతే."

"అన్న ప్రయాణం సంగతి వాళ్లకి చెప్పింది నువ్వేనా వదినా?"

"మా చెల్లెలు వాళ్ల చేతిలో ఉంది. రెండేళ్లుగా మీకూ వాళ్లకీ పనిచేస్తున్నాను. పెట్టె మాత్రమే తీసుకుంటామన్నారు. ఆయనకేమీ కాదన్నారు. ఇందులో కాగితాలే..."

"బాంబుంది."

ఆమె పెట్టెని అతని ఒళ్లోకి జరిపింది.

కడుపులో తిప్పుతోందని ముసలాయన గోలపెడితే కండక్టర్ విసుక్కుంటూ బస్సు ఆపించాడు. ఇద్దరూ పెట్టెతో బీడు భూమిలోకి, బస్సుకి కనపడనంత దూరం నడిచారు.

"వెళ్లిపో వదినా."

వెళ్లలేదు. పక్కనే మోకాళ్ల మీద కూర్చుంది.

తాళం పెట్టెకి తన చెవి ఆనించి నంబర్ల చక్రాలు తిప్పాడు. ఒకటి, ఏడు, సున్నా, తొమ్మిది. అది ఆమె పుట్టినరోజు.

"ఆయన మార్చలేదా," అందామె.

మూత లేవగానే టైమర్ నలభై సెకన్లకి పడిపోయింది. పెన్నులోంచి కట్టర్ తీశాడు. మొదటి తీగ అబద్ధం. రెండోదీ అబద్ధమే. ఆమె వణక్కుండా మూత పట్టుకుంది. మూడో తీగ తెగేసరికి అంకె రెండు దగ్గర ఆగింది.

"అన్నకి తెలుసా?" అనడిగాడు.

"మొన్ననే చెప్పాను. కోప్పడలేదు. ఈ ట్రిప్పు అయ్యాక ఇద్దరం చీఫ్ దగ్గరికి వెళ్దాం అన్నారు." కళ్లద్దాలు తీసి రెండు చేతులూ చాపింది.

వెనకే వస్తున్న డిపార్ట్‌మెంట్ కారులో ఆమెనీ పెట్టెనీ ఎక్కించాడు. చెల్లెల్ని వెతకడానికి టీమ్ బయల్దేరిందని, అంతా రేడియోలో వింటున్న చీఫ్ చెప్పాడు. కారు మలుపు తిరిగేదాకా చూసి, ముఠాకి అనుమానం రాకూడదని మళ్లీ బస్సెక్కాడు.

నగరంలో దిగేసరికి ఒంటిగంట. అక్కడ ఊళ్లో అన్న అంత్యక్రియలు అయిపోయి ఉంటాయి. కండక్టర్ డిక్కీ తెరిచి అతని సంచులు కిందపెట్టాడు.

"అన్నీ సరిచూసుకోండి పెద్దాయనా. తరవాత ఏదో పోయిందంటే మా బాధ్యత లేదు."

తాళం ఓపిగ్గా సరిచూసుకుని, ఏమీ పోలేదన్నాడు.